వెట్టి పోవాలి, విద్య నిలవాలి: పిల్లలకు నాట్యం నేర్పడంపై కొన్ని ప్రశ్నలు

పిల్లలకు నాట్యం నేర్పడం అనగానే మన పత్రికలు, మన టీవీలు, మన ప్రభుత్వ కాగితాలు ఒకే బొమ్మను చూపిస్తాయి. చేతిలో కర్రతో తాళం వేసే గురువు, వరసగా నిలబడ్డ పట్నం ఆడపిల్లలు, మూలన నటరాజ విగ్రహం. దీన్ని శిక్షణ అంటారు. దీనికి సిలబస్ ఉంది, పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది. అదే చిందు మేళంలో ఆరేళ్ల పిల్ల తాళం తప్పకుండా అడుగేస్తే మాత్రం "వాళ్లకది రక్తంలోనే ఉంటదండీ" అంటారు. మెచ్చుకున్నట్టే అంటారు. ఈ మెచ్చుకోలును విప్పి చూడాలన్నదే ఈ వ్యాసం పని.

రక్తంలో ఉంది అనడంలో ఒక లెక్క ఉంది. రక్తంలో ఉంటే నేర్చుకోవలసిన పని లేదు. నేర్చుకోవడం లేకపోతే నేర్పినవాళ్లు లేరు. నేర్పినవాళ్లు లేకపోతే గురువు అనే మాట లేదు, జీతం లేదు, పోస్టు లేదు, పాఠ్యపుస్తకంలో చోటు లేదు. ఒక్క పొగడ్తతో మొత్తం ఒక విద్యావ్యవస్థను లేకుండా చేయవచ్చు. అగ్రహారం పిల్లవాడు వేదం చదివితే "రక్తంలో ఉంది" అని వదిలేయలేదు. వాడికి పాఠశాల పెట్టారు, ఆ పాఠశాలకు మాన్యాలిచ్చారు. మనవాళ్ల విద్యకే పుట్టుక అని పేరు పెట్టారు.

ఈ మాటలు కామారెడ్డి జిల్లా రాజంపేట దిక్కునుంచి రాస్తున్నాను. రాయలసీమ రాజంపేట కాదు, 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో ఉన్న మన రాజంపేట. వరి, మక్కజొన్న పండే ఊర్లు, ఇంటింటా బీడీల చాటలు. చిందు భాగవతం ఎరిగిన నేల. ఇక్కడినుంచి చూస్తే నాట్యశిక్షణ అనే మాట పట్నంలో కనిపించినట్టు కనిపించదు.

శాస్త్రం చూపించే చేతులు

ముందు శాస్త్రం సంగతి. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఒక కథ ఉంది. నాలుగు వేదాలు శూద్రులు వినకూడనివి కాబట్టి అన్ని వర్ణాలకూ పనికొచ్చేలా బ్రహ్మ అయిదో వేదంగా నాట్యాన్ని చేశాడని. మన పాఠ్యపుస్తకాలు ఈ కథను సంతోషంగా చెబుతాయి. అదే గ్రంథం చివర ఇంకో కథ ఉంది. భరతుని కొడుకులు ఋషులను వెక్కిరిస్తూ ఆడితే, ఋషులు కోపించి వాళ్లను శూద్రులు కమ్మని శపించారని. దీన్ని పిల్లలకు ఎవరూ చెప్పరు. మొదటి కథలో అందరికీ తలుపు తెరిచినట్టు కనిపిస్తుంది, చివరికొచ్చేసరికి ఆడేవాళ్ల కులమే శిక్షగా మారిపోతుంది. రెండూ కలిపి చదివితేనే ఆ గ్రంథం మనకు అర్థమవుతుంది.

రెండోది నందికేశ్వరుని అభినయదర్పణం. కూచిపూడి అయినా భరతనాట్యం అయినా చిన్నపిల్లలు మొదట వల్లెవేసేది ఇందులోని హస్తాలే. ఒంటిచేతి ముద్రలు ఇరవై ఎనిమిది. అయిదారేళ్ల పిల్ల వాటిని గుక్కతిప్పకుండా చెబితే అమ్మానాన్నలు మురిసిపోతారు. ముద్రల మీద నాకు తగువు లేదు. వేళ్లతో చెట్టును, పిట్టను, నదిని చూపడం పిల్లలకు మంచి ఆట. కాని అదే గ్రంథంలో నాలుగు వర్ణాలకూ హస్తాలున్నాయి. బ్రాహ్మణుణ్ణి చూపాలంటే రెండు చేతులూ శిఖరంగా పట్టి, జంధ్యం కనిపించేట్టు కుడిచేయి కదపాలి. క్షత్రియునికి ఒకటి, వైశ్యునికి ఒకటి, శూద్రునికి ఒకటి. తక్కిన కులాలకు వాళ్ల వాళ్ల పనినిబట్టి చేతులు పట్టుకోమని చెబుతుంది. అంటే పైన ఉన్నవానికి గుర్తు జంధ్యం, కిందున్నవానికి గుర్తు చాకిరి.

మా దిక్కు ఆడోళ్ల చేతులను ఏ హస్తంలో చూపిస్తారు? తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టే వేళ్లు. కండ్లు మూసుకున్నా తప్పని వేళ్లు. అభినయమంటే వేళ్లకు అలవాటు నేర్పడమే అయితే, ఈ తల్లుల దగ్గర పెరిగిన పిల్లలు చేతి విద్య తెలియనివాళ్లు ఎట్లవుతారు?

అదే గ్రంథం నర్తకి ఎట్లుండాలో కూడా చెబుతుంది. సన్నగా, వయసులో, పెద్ద కండ్లతో, అందంగా ఉండాలట. ఎవరు పనికిరారో కూడా ఉంది. పలచటి వెంట్రుకలున్నది, లావు పెదవులున్నది, మరీ లావు, మరీ సన్నం, మరీ పొడుగు, మరీ పొట్టి, గూని, గొంతు బాగులేనిది. ఈ జాబితా పాత పుస్తకంలోనే ఉండిపోలేదు. ఏ బడిలోనైనా వార్షికోత్సవానికి పిల్లలను ఎంచే రోజు వెళ్లి చూడండి. నేను చదువుకున్న ఒక బడిలో స్వాగత నృత్యానికి తెల్లగున్న పిల్లలను ముందు వరసలో పెట్టేవాళ్లు. నల్లగున్నోళ్లకు వెనక వరస. ఇంకా నల్లగున్నోళ్లకు, డ్రెస్సు కొనలేనోళ్లకు కుర్చీలు మోసే పని. ఆ పంతులమ్మ అభినయదర్పణం చదివి ఉండదు. చదవనవసరం లేదు. ఎవరి ఒళ్లు చూడముచ్చటగా ఉంటదో, ఎవరిది ఉండదో ఈ సమాజం ఆమెకు ముందే నేర్పి పెట్టింది. ఏడెనిమిదేళ్ల పిల్లకు తన ఒంటి గురించి మొదటి తీర్పు కులం నుంచి, రంగు నుంచి ఇట్ల అందుతుంది. అందుకే నాట్యశిక్షణను చిన్న విషయంగా తీసుకోవద్దని అంటున్నాను.

ఒక కులం పిల్లల చదువు అందరి సంస్కృతి అయిన తీరు

కూచిపూడి కథ అందరికీ తెలిసిందే. సిద్ధేంద్ర యోగి భామాకలాపం రాసి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పాడని, ప్రతి పిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని, గోల్కొండ తానీషా ఆ కుటుంబాలకు ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఈ కథలో ఎంత చరిత్ర, ఎంత ఐతిహ్యం అన్న చర్చ పరిశోధకుల్లో సాగుతూనే ఉంది. మనకు కావలసింది ఒక్క విషయం. ఇది కూడా కులవిద్యే. కొన్ని ఇంటిపేర్ల మగపిల్లలకే నేర్పిన విద్య. కాని ఎవరూ దాన్ని కులకళ అనరు. 1959లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ సదస్సులో దాని శాస్త్రీయతను నిలబెట్టారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆడపిల్లలు వచ్చారు, ఇతర కులాల పిల్లలు వచ్చారు. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు చేశారు. తలుపులు తెరవడం మంచిదే. ఒక కులం గడప దాటి విద్య బయటికొస్తే ఏమవుతుందో కూచిపూడే సాక్ష్యం. ఆ దారి మిగతా విద్యలకు ఎందుకు వేయలేదన్నది నా ప్రశ్న.

తలుపులు తెరిచిన ఆ కాలంలోనే ఇంకొక తలుపు మూసుకుంది. కోస్తాలో కళావంతుల స్త్రీలు తరతరాలుగా ఆడపిల్లలకు నాట్యం నేర్పుతూ వచ్చారు. అడుగు, అభినయం, పదం, జావళి అన్నీ వాళ్ల ఇళ్లలో పాఠాలే. దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు చట్టం వచ్చింది. అంకితం ఆగవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని అంకితంతో పాటు ఆ స్త్రీల గురుత్వాన్ని కూడా సమాజం రద్దు చేసింది. నాట్యం మర్యాదస్తుల ఇళ్లకు చేరింది. నేర్పిన చేతులకు మచ్చ మిగిలింది. నటరాజ రామకృష్ణ లాంటివారు ఆ స్త్రీల దగ్గర నేర్చుకుని, వాళ్ల కళను ఆంధ్రనాట్యం పేరుతో వేదిక ఎక్కించారు. ఆ కృషిని నేను తక్కువ చేయడం లేదు. అయినా చూడండి, కళకు కొత్త పేరు పెడితే తప్ప గౌరవం రాలేదు.

చిందు మేళం ఒక బడి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పేది వాళ్లు, యక్షగానం ఆడేది వాళ్లు. ఒక్కొక్క కుటుంబానికి కొన్ని ఊర్లు మిరాశీ. చాలా భాగవతాల్లో ఆడవేషం కూడా మగవాళ్లే కడితే, చిందులో ఆడవాళ్లు గజ్జె కట్టి రంగమెక్కారు. బోధన్ దగ్గరి ఆందాపూర్‌లో బతికి 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ చిన్నప్పుడే గజ్జె కట్టి, ఆడవేషం, మగవేషం రెండూ వేసి మెప్పించింది. కూచిపూడిలో మగవాడు సత్యభామ కడితే దాని మీద పుస్తకాలు వచ్చాయి. మాదిగ ఉపకులం స్త్రీ మగవేషం కట్టి ఊరి నడుమ నిలబడడం మీద మన సౌందర్యశాస్త్రం ఎన్ని పేజీలు రాసింది?

మేళం అంటే కుటుంబమే. తాత మద్దెల, తండ్రి వేషం, తల్లి వేషం, పిన్ని వంత. పిల్ల అక్కడే నిద్రపోతది, అక్కడే లేస్తది. దీన్ని బయటివాళ్లు "చూసి నేర్చుకోవడం" అని తేలిగ్గా అంటారు. దగ్గర కూర్చుని చూస్తే అందులో ఒక క్రమం ఉంది. మొదట తాళం చెవిలో పడుతుంది, నోటికి దరువు వస్తుంది, తర్వాతనే కాలికి గజ్జె. మొదటి వేషం పిల్లల వేషమే. హరిశ్చంద్ర ఆటలో లోహితాస్యుడు, ప్రహ్లాద ఆటలో ప్రహ్లాదుడు. మాటలు తక్కువ, నిలబడడం ఎక్కువ. తెల్లవార్లూ ఆట నడిచే చోట నిద్ర ఆపుకుని తన వంతుకు లేవడం కూడా పాఠమే. పెద్దగయ్యే కొద్దీ వేషం పెద్దది అవుతుంది. ముఖానికి రంగు వేసుకోవడం, కిరీటం, భుజకీర్తులు కట్టుకోవడం, ఎదుటివాడు మాట మరిస్తే అందించడం, జనం లేచిపోతుంటే హాస్యంతో కూర్చోబెట్టడం, ఇవన్నీ నేర్పితే వచ్చేవే.

నేటి విద్యాశాస్త్రం పిల్లలు చేస్తూ నేర్చుకోవాలని, వయసుకు తగ్గ పని ఇవ్వాలని, పరీక్ష భయం ఉండొద్దని చెబుతుంది. బి.ఎడ్. విద్యార్థులు ఈ మాటలను పరాయి దేశపు పండితుల పేర్లతో బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. అదంతా పక్క ఊరి చిందు మేళంలో ఉందని వాళ్లకు చెప్పే అధ్యాపకుడు లేడు. అట్లని మేళంలో దెబ్బలు లేవని, తిట్లు లేవని నేను అనను. ఉన్నాయి. తాళం కర్ర పట్టిన పట్నం గురువుల దగ్గర కూడా ఉన్నాయి. రెండింటినీ ఒకే కొలతతో కొలవమని అడుగుతున్నాను.

గజ్జెలో సంకెల

ఇక్కడ మనవాళ్లతోనే ఒక పేచీ ఉంది. దాచుకోకుండా మాట్లాడుకోవాలి. మన ఉద్యమంలో ఒక వాదం, కులకళలు బానిసత్వపు గుర్తులు, డప్పునూ చిందునూ వదిలేసి పిల్లలను ఇంగ్లీషు చదువులకు పంపాలన్నది. రెండో వాదం, ఇవి మన అస్తిత్వం, వీటిని గర్వంగా మోయాలన్నది. రెండూ అనుభవం నుంచి పుట్టినవే. రెండూ సగం దగ్గరే ఆగిపోయాయి.

మొదటి వాదంలో నిజం చాలా ఉంది. చిందు పిల్ల మేళంలో ఉందంటే బడిలో లేదని అర్థం. మిరాశీ హక్కు అని పెద్దలు చెప్పుకుంటారు గాని, ఇచ్చినోడు ఇస్తే ధాన్యం, లేకుంటే బతిమాలాట. పటేల్ ముందు చేతులు కట్టుకుని నిలబడిన తండ్రిని పిల్ల చూస్తది. అది కూడా ఒక పాఠమే, చెడ్డ పాఠం. దీనికంటే ఘోరమైనది జోగిని. మా పాత నిజామాబాద్ జిల్లా ఈ దురాచారానికి పేరుపడ్డ జిల్లా. దళిత ఆడపిల్లను చిన్నప్పుడే దేవత పేరున విడిచి, జాతరలో, శవం ముందర ఆడమన్నారు. 1980లలో హేమలతా లవణం వర్నిలో చెల్లి నిలయం పెట్టి ఆ స్త్రీల కోసం, వాళ్ల పిల్లల కోసం పనిచేశారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు 1947 మద్రాసు చట్టం వర్తించలేదు. రాష్ట్రమంతటికీ నిషేధ చట్టం వచ్చింది 1988లో. అప్పటిదాకా ఆ పిల్ల వేసిన అడుగును నాట్యమని ఎవరైనా పొగిడితే అది మోసం. కాదు పొమ్మనే హక్కు లేని పిల్లకు ఆట లేదు, శిక్షే ఉంది.

అంబేద్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువుల మాంసం మానమన్నాడు, కళేబరాలు ఈడ్వొద్దన్నాడు. మరుసటి ఏడాది బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్‌ను సవరించే బిల్లు పెట్టాడు. ఆయన పోరాడింది పుట్టుకతో మెడకు తగిలించిన బాధ్యతమీద, ఊరికి ఊరకే చేసే చాకిరిమీద. ఈ గీటును మనం చిందు మీద కూడా గీయాలి. వెట్టి వేరు, విద్య వేరు. పటేల్ పిలిస్తే పోవలసిందే అనేది వెట్టి. తాళం, దరువు, అడుగు, వేషం, తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టే నేర్పు విద్య. వెట్టిని వదిలేసే తొందరలో విద్యను పారేస్తే, రేపు దాన్ని ఎవరో ఏరుకుని, తుడిచి, కొత్త పేరు పెట్టి మన పిల్లలకే ఫీజు తీసుకుని నేర్పుతారు. కళావంతుల విషయంలో జరిగింది ఇదే.

గర్వపడే వాదానికి కూడా ఒక మాట. మన పిల్లకు గజ్జె కట్టి సభలో అయిదు నిమిషాలు ఆడించి, చప్పట్లు కొట్టి, పొద్దున మళ్లీ ఆ పిల్ల బడి ఫీజు సంగతి పట్టించుకోకపోతే అది గర్వం కాదు, వాడకం. చిందు పిల్ల చిందే ఆడాలని నియమం పెడితే మనమూ మనువు పని చేసినట్టే. ఆ పిల్లకు కూచిపూడి నేర్వాలనిపిస్తే నేర్వాలి, లెక్కలు ఇష్టమైతే లెక్కలు చదవాలి. రెడ్డి పిల్లకూ కోమటి పిల్లకూ కూడా చిందు నేర్చుకునే వీలుండాలి. ఏ విద్య అయినా ఎవరైనా నేర్వగలిగిన నాడే అందులోంచి కులం పోతది.

ధూంధాం తర్వాత

తెలంగాణ వస్తే మన కళలకు మంచి రోజులొస్తాయని నమ్మాం. మొదటి ధూంధాం 2002లో మా కామారెడ్డిలోనే జరిగింది. డప్పు, గజ్జె, గొంగడి లేకుండా ఆ ఉద్యమం నడవలేదు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి సుమారు 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. ఆకలి తెలిసినవాళ్లకు ఆ జీతం విలువ తెలుసు, నేను దాన్ని ఎగతాళి చేయను. కాని వాళ్లకు అప్పగించిన పని సర్కారు పథకాలను పాటగట్టి ఊరూరా చెప్పడం. పిల్లలకు నేర్పే పని కాదు. ప్రచారానికి పనికొచ్చిన గొంతు పాఠానికి పనికిరాదా?

పేరిణి సంగతి చూడండి. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, నాలుగు దేశికి ఇచ్చాడు. ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ పేరిణిని తిరిగి కట్టి, 1985 శివరాత్రికి రామప్పలో ఆడించారు. ఈ రోజు అది తెలంగాణ నాట్యంగా పేరు పొందింది, పిల్లలు నేర్చుకుంటున్నారు. మంచిదే. రాతిలోంచి అడుగును బయటికి తీయగలిగినవాళ్లకు ఎదురుగా నడిచే కాలు కనపడదా? 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషం. మన రాజ్యం ముసలి కళాకారుని మెడలో పతకం వేస్తుంది, అతని మనవరాలి బడిలో మాత్రం ఒక్క పీరియడ్ ఇవ్వదు. పతకం ఒకరితో పోతుంది, పీరియడ్ అయితే తరం నుంచి తరానికి నడుస్తుంది.

ఏం అడగాలి?

ఇదంతా ఆదర్శం అనేవాళ్లకు చట్టమే చూపిస్తాను. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలను తప్పనిసరి విషయం చేయమన్నది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది కంటే ఎక్కువ పిల్లలున్న బడికి కళావిద్య చెప్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలని రాసి ఉంది. కాబట్టి మనం దయ అడగడం లేదు. ఉన్న చట్టంలోని ఖాళీ కుర్చీని చూపించి, అందులో ఎవరు కూర్చోవాలో అడుగుతున్నాం.

ఒకటి, ఆ కుర్చీకి డిగ్రీ ఒక్కటే అర్హత కారాదు. మేళంలో పాతికేళ్లు ఆడిన అనుభవాన్ని అర్హతగా లెక్కించాలి. రెండు, చిందును, డప్పును, ఒగ్గును సర్టిఫికెట్ కోర్సులుగా పెడితే పాఠ్యక్రమం ఆ కళాకారులతో కూర్చుని రాయాలి. వాళ్లను "సమాచారం ఇచ్చినవారు" అని అడుగున చిన్న అక్షరాల్లో వేసి, పైన ప్రొఫెసరు పేరు వేసుకునే అలవాటు పోవాలి. పరిశోధక విద్యార్థులమైన మనకు కూడా ఈ మాట వర్తిస్తుంది. మూడు, వార్షికోత్సవంలో రంగు చూసి, బట్టలు చూసి పిల్లలను ఎంచే పద్ధతిని టీచర్ల సంఘాలే ఆపాలి. ఆడతానన్న ప్రతి పిల్లకూ వరసలో చోటుండాలి, వరసలు మారుతుండాలి. దీనికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. నాలుగు, పిల్ల వద్దంటే గజ్జె విప్పే హక్కు ఇంట్లోనూ, మేళంలోనూ, బడిలోనూ ఉండాలి.

ఈ పత్రిక చదివే టీచర్లు చాలామంది పల్లె బళ్లలో పనిచేస్తున్నారు. మీ బడిలో చిందు ఇంటి పిల్ల ఉంటే, ఆ పిల్ల నాయినమ్మను ఒక శనివారం తరగతికి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పిల్లలందరికీ ఒక్క దరువు నేర్పమని అడగండి. రిజిస్టరులో ఆమె పేరు రాసేటప్పుడు అతిథి అని రాయొద్దు, బోధకురాలు అని రాయండి. దీనిమీద మీ అనుభవాలు, అభ్యంతరాలు రాయండి. ముఖ్యంగా చిందు కులంలోంచి చదువుకుని వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు రాయాలి. గజ్జె బరువు ఎంతో కట్టినవాళ్లకే తెలుసు, ఈ చర్చలో తుదిమాట వాళ్లదే కావాలి.